పెద్దక్షరాల ప్రశ్న

ప్రశ్నపత్రాలు పంచడం పూర్తయ్యాక ఏ పరీక్ష గదిలోనైనా ముందు కాగితాల గలగల, ఆ వెనకే ఎవరో గొంతు సవరించుకోవడం, ఏదో కుర్చీ కిర్రుమనడం, ఆ తరవాత ఒక్కసారిగా ఏమీ లేకపోవడం, అంతమంది ఉండీ గదిలో ఎవరూ లేనట్టయిపోవడం. ఇంగ్లీషు మేడమ్‌కి ఇదేమీ కొత్త కాదు. నిజానికి పరీక్షల రోజుల్లో ఆమెకి నచ్చేదల్లా ఆ నిశ్శబ్దమే. అందులో ఆమెకి ఎవరూ అక్కర్లేదు, ఆమె కూడా ఎవరికీ అక్కర్లేదు. ఊరికే నడవడం, గోడ దగ్గర ఆగడం, వెనక్కి తిరగడం, అంతే. ఇవాళ మాత్రం కిటికీ పక్క వరసలో ఆమె ఆడపడుచు కూర్చుని ఉంది. జుట్టు బిగించి ముడేసుకుని, కళ్ళజోడు ముక్కు మీదికి జారిపోతుంటే మోచేత్తో పైకి తోసుకుంటూ, పక్కన ఇరవై దాటీ దాటని పిల్లలు, వాళ్ళ మధ్య ఆమె ఒక్కతే ఇంటినించి వచ్చిన మనిషిలా. గదిలోకి అడుగుపెట్టినప్పుడు ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. రైల్లో ఎదురుబొదురుగా కూర్చున్న కొత్తవాళ్ళు చూసుకున్నట్టు చూసుకుని, చూపులు తిప్పేసుకున్నారు.

నిజానికి ఈ గదికి రావలసింది స్టాటిస్టిక్స్ మాస్టారు. ఆయన పిల్లకి పొద్దున్నుంచి జ్వరమట, ఫోను చేశాడు. పరీక్షల సూపరింటెండెంటు చేతిలో కాగితం చూసుకుంటూ, మేడమ్ పేరు పక్కన గీత గీసి ఈ గది అంకె వేశాడు. ఆమె ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పింది.

"సార్, మా ఆడపడుచు ఆ గదిలోనే రాస్తోంది. ఇంకెవరినైనా వేస్తే బాగుంటుందేమో."

"పేపర్లు దిద్దేది మీరు కాదు కదా మేడమ్. అవి ఎక్కడికో పోతాయి. కాపలా కాయడానికి చుట్టరికం అడ్డమేంటి? వెళ్ళండి, వెళ్ళండి, గంట కొట్టేస్తున్నారు."

చెప్పాల్సింది చెప్పేశాను కదా అనుకుంటూ మెట్లెక్కింది. అలా అనుకోవడంలో కాస్త సంతోషం కూడా ఉందని మలుపు తిరిగేటప్పుడు గమనించింది. ఆ సంతోషం ఎందుకో మాత్రం విప్పి చూసుకోలేదు. మనసులో అలాంటి మూటలు ఆమె చాలావాటిని విప్పకుండానే పక్కన పెడుతుంది, అది ఆమెకి అలవాటు. అత్తగారు దాన్ని నిదానం అంటుంది, భర్త మొండితనం అంటాడు, బుల్లి ఏమంటుందో ఎప్పుడూ చెప్పలేదు. బుల్లి, అంటే ఆ కిటికీ పక్క మనిషి. బళ్ళో వేసినప్పటి అసలు పేరు హాల్ టికెట్టు మీద ఉంది, ఇందాక సంతకాలు చూస్తూ తిరిగినప్పుడు ఆ పేరు చదివి ఇదెవరబ్బా అనిపించింది ఒక లిప్త. ఇంట్లో ఆ పేరుతో ఆమెని ఎవరూ పిలవరు. ఇంటికి చిన్నది కాబట్టి బుల్లి, పెళ్ళయ్యాకా బుల్లే, బిడ్డ తల్లయ్యాకా బుల్లే.

పరిశోధనలో చేరిన వాళ్ళు ఏ సబ్జెక్టు వాళ్ళయినా రాసి తీరాల్సిన పేపరు ఇది. పరిశోధన ఎలా చెయ్యాలో సగం, చేసినదాన్ని ఇంగ్లీషులో ఎలా రాయాలో సగం. బుల్లి ఒకసారి తప్పింది. ఈసారి కూడా తప్పితే పేరు కొట్టేస్తారు. అప్పుడిక కాలేజీ జువాలజీ ల్యాబ్‌లో గాజుసామాను కడిగే ఉద్యోగమే, సాలెపురుగుల మీద పరిశోధన మాట మళ్ళీ ఎత్తేది లేదు. మొదటిసారి ఆమె తప్పింది ఇంగ్లీషు భాగంలోనే, అందులోనూ శీర్షికల దగ్గర. వ్యాసానికి పెట్టే పేరులో, అధ్యాయాల పైన పెట్టే మకుటాల్లో ఏ మాట పెద్దక్షరంతో మొదలవ్వాలి, ఏది చిన్నక్షరంతోనే ఉండిపోవాలి. వినడానికి ఇంతే విషయం. కానీ మేడమ్ ఇన్నేళ్ళ పాఠాల్లో ఈ కాస్త దగ్గరే కాలు జారని పిల్లల్ని చూడలేదు. కొందరు అన్నిటికీ పెద్దక్షరాలే పెట్టి ఊరేగింపు తీస్తారు. కొందరు తమకి ముఖ్యమనిపించిన మాటకి పెట్టుకుంటారు, మట్టి మీద పనిచేసేవాడు మట్టికి, నీళ్ళ మీద పనిచేసేవాడు నీళ్ళకి. ఒకడు శీర్షికలో తన గైడు పేరు ఇరికించి దాన్ని మొత్తం పెద్దక్షరాల్లో కొట్టుకొచ్చాడు, భక్తి. మాట ఎంత పొడుగుందని కాదు, అది వాక్యంలో ఏం పని చేస్తోందో చూడండి అంటుంది మేడమ్ ప్రతి ఏడూ, బోర్డు మీద సుద్దముక్కతో గీతలు గీస్తూ. మొదటి మాటకీ చివరి మాటకీ ఎప్పుడూ పెద్దక్షరం. మధ్యలో నామవాచకం, క్రియ, విశేషణం వస్తే పెద్దక్షరం. ఆఫ్, ఇన్, అండ్, ది లాంటివి మధ్యలో ఉంటే చిన్నక్షరం. "ఆఫ్ ఏం పాపం చేసింది మేడమ్?" అని వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు అడుగుతారు, అది కూడా ప్రతి ఏడూ. మరి ఈజ్ చూడండి, రెండే అక్షరాలు, అయినా క్రియ కాబట్టి దానికి పెద్దక్షరం, దాని పొట్టితనం చూసి మోసపోకండి. ఆ మాట అన్నప్పుడు పిల్లలు నవ్వుతారు, నవ్వి పరీక్షలో మోసపోతారు.

కిటికీ అవతల ఎవరో సైకిలు గొలుసు సరిచేసుకుంటున్నారు, లోహం లోహానికి తగులుతున్న చిన్న చప్పుడు. మేడమ్ ఆ చప్పుడు ఆగేదాకా నిలబడింది. అది ఆగాక వంటింటి బల్ల దగ్గరి దీపం గుర్తొచ్చింది, దాని కింద బఠాణీలు ఒలుస్తున్న అత్తగారి వేళ్ళు, ఆ పక్కనే పుస్తకాలు పరుచుకున్న బుల్లి. గత నెలంతా సాయంత్రాలు అలాగే గడిచాయి. మేడమ్ కూర తిప్పుతూనే శీర్షికలు చెప్పేది, బుల్లి పెద్దక్షరాలు పెట్టేది, అత్తగారు గింజలు గిన్నెలోకి రాలుస్తూ వినేది.

"పెద్దక్షరం, చిన్నక్షరం, ఇదేం గోలే? మన అక్షరాలన్నీ ఒకే ఎత్తు కదా. హాయిగా ఉన్నాయి."

"మనకీ ఉందమ్మా పెద్దక్షరం. నన్నేమంటావు? రావే అంటావు. వదినని రామ్మా అంటావు. మీ అల్లుణ్ణి ఏమనేదానివి? రండి, రండి. ఎవరి రాక పెద్దదో అందులోనే చెప్పెయ్యట్లేదూ?"

"అలా రండి రండి అనబట్టే కాబోలు వాడు అంతెత్తున తయారయ్యాడు" అంది అత్తగారు, బఠాణీ కాయ విరుస్తూ.

ముగ్గురూ ఒక క్షణం ఆగి, ఆ తరవాత నవ్వారు. బుల్లి పెళ్ళి చెడి ఇంటికి వచ్చాక ఆ మనిషి మీద ఇంట్లో ఎవరైనా హాస్యమాడటం అదే మొదలు. అంతదాకా ఆయన మాట ఎత్తకుండా ఉండటం ఒక మర్యాదలా నడిచింది. ఆయన కొట్టేవాడు కాదు, తాగేవాడు కాదు. చుట్టాలు అదే అన్నారు, మరింకేం కావాలి అని. ఆయన దిద్దేవాడు. నలుగురిలో బుల్లి ఏదైనా చెబుతుంటే మధ్యలో ఆపి, అలా కాదు, ఇలా అను అనేవాడు. కూరలో ఉప్పు సరే, దుప్పటి మడత, నవ్వడం, ఫోనులో హలో అనే తీరు, అన్నీ చిరునవ్వుతోనే దిద్దేవాడు. మేడమ్ ఒకసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు చూసింది. ఏదో అడగబోయి బుల్లి ఆయన మొహం చూసి, ఆయన కళ్ళు సరే అన్నాక అడిగింది. అడిగింది ఏమిటంటే, "వదినా, టీలో పంచదార వెయ్యనా?" ఆ తరవాత కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం తలుపు కొట్టింది. ఒక చేతిలో కూతురు, ఇంకో చేతిలో మూతకి చిల్లులు పొడిచిన గాజు సీసా, అందులో ఒక సాలెపురుగు. "బట్టలు తెచ్చుకున్నావనుకుంటే పురుగుని తెచ్చుకున్నావా?" అని అత్తగారు లబలబలాడింది. బట్టలు ఆటోలో ఉన్నాయని చెప్పింది బుల్లి. అవి దింపుకోవడానికి వెళ్ళింది మేడమే. ఆ రోజునించి ఇంట్లో మూలల్లో బూజు దులపడానికి బుల్లి అనుమతి కావాలి.

మేడమ్ వరసల మధ్య నడక మొదలుపెట్టింది. ముందు బల్లలో సన్నగా ఉన్న పిల్ల, కలం పట్టుకున్న తీరు చూస్తేనే బాగా రాస్తుందని తెలుస్తుంది. ఆమె వెనక బొద్దుగా ఉన్న కుర్రాడు, చెమట తుడుచుకుంటూ, ఇంగ్లీషు భాగం ముందే అయిపోగొట్టేద్దామనుకున్నట్టుంది, శీర్షికల ప్రశ్న దగ్గరున్నాడు. కాపలాకి వచ్చినప్పుడు జవాబులు చదవకూడదని ఆమె నియమం, కానీ కళ్ళు పాఠం చెప్పిన కళ్ళు, అవి చదవకుండా చూడలేవు. ప్రశ్నలో శీర్షికలన్నీ చిన్నక్షరాల్లో అచ్చువేసి, పెద్దక్షరాలు అవసరమైన చోట పెట్టి తిరిగి రాయమన్నారు. ఎప్పుడూ ఇచ్చేదే. కుర్రాడు మాటమాటకీ పెద్దక్షరం పెట్టుకుంటూ వెళుతున్నాడు, ఆఫ్‌ని వదిలేసి, ఈజ్‌ని పట్టుకుని. ఫరవాలేదే అనుకుంది. ముందుకు కదలబోతూ ప్రశ్న కింద వాలు అక్షరాల్లో ఉన్న చిన్న వాక్యం చూసింది. సెంటెన్స్ పద్ధతిలో రాయవలెను.

అది వేరే పద్ధతి. అందులో శీర్షికని మామూలు వాక్యంలాగే రాస్తారు. మొదటి మాటకి పెద్దక్షరం, మనుషుల పేర్లకీ ఊర్ల పేర్లకీ పెద్దక్షరం, కోలన్ వస్తే దాని వెనక మొదటి మాటకి. మిగిలినవన్నీ, నామవాచకమైనా క్రియైనా, చిన్నక్షరాలే. చెప్పడానికి రెండు నిమిషాలు పట్టదు. ఈ పేపర్లో దాన్ని ఎప్పుడూ అడగలేదు, అందుకే ఆమె క్లాసులో చివరి రోజు హడావిడిగా చెబుతుంది. ఇంట్లో, వంటింటి బల్ల దగ్గర, బుల్లి పుస్తకంలో ఆ పేరు చూసి ఇదేంటి వదినా అని అడిగినప్పుడు, "అది తేలికే, తరవాత చూద్దాంలే, ముందు ఇది రానీ" అంది. తరవాత అత్తగారికి మోకాలి నొప్పి ఎక్కువైంది, డాక్టరు చుట్టూ తిరిగారు, బుల్లి కూతురికి బళ్ళో ఏదో నాటకం, ఆ తరవాత పరీక్ష వచ్చేసింది. తరవాత చూద్దాం అన్నది అక్కడే ఉండిపోయింది.

ఆమె అడుగులు వాటంతటవే పడ్డాయి, ఆమె వెయ్యలేదు. కిటికీ పక్క వరస, బుల్లి బల్ల, బుల్లి చెయ్యి, ఆ చేతి కింద కాగితం. అందమైన రాత. ఒక్కో పెద్దక్షరం కొలిచి నిలబెట్టినట్టు, ఈజ్ దగ్గర ఇంకాస్త గట్టిగా ఒత్తి, చూడు నేను మోసపోలేదు అన్నట్టు. శీర్షికలన్నీ తప్పు. ప్రతి శీర్షికా ఒప్పే, అన్నీ తప్పే. మేడమ్ అక్కడ ఆగలేదు. ఆగకపోవడం తనకి ఎలా సాధ్యమైందో అర్థం కాలేదు, గోడ దాకా వెళ్ళి, గోడ మీద పెచ్చు ఊడిన చోటు చూస్తూ నిలబడింది. ఆ చోటు ఒక చెవిలా ఉంది.

ఒక వేలు చాలు. వెనక్కి నడిచేటప్పుడు ఆ చిన్న వాక్యం మీద ఒక వేలు ఆనించి తీసెయ్యడం, దారిలో బల్ల తగిలినట్టు. ఎవరూ చూడరు. చూసినా ఏమనుకుంటారు. చేతులు వెనక్కి కట్టుకుంది, వేళ్ళు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. తనకి బిడ్డ పుట్టి, డాక్టరేటు సగంలో ఆగి, ఇక ఇది మనవల్ల కాదు అని పుస్తకాలు అటక మీదికి ఎక్కించిన రోజుల్లో వాటిని మళ్ళీ కిందికి దించింది బుల్లి. అప్పటికి బుల్లి కాలేజీలో చదువుకుంటున్న పిల్ల. వదినా, నువ్వు ఆ గదిలో కూర్చో, తలుపేసుకో, వీడి సంగతి నేను చూసుకుంటా అంది. కాలివేలికి తాడు కట్టుకుని ఉయ్యాల ఊపుతూ, చేతిలో తన పాఠం పెట్టుకుని, ఒక కంట బిడ్డని చూస్తూ ఏడాదంతా నెట్టుకొచ్చింది. ఆ ఏడాది బుల్లి మార్కులు తగ్గాయి. దానికి కారణం ఎవరూ అడగలేదు, బుల్లి చెప్పలేదు. తలుపు వెనక కూర్చుని రాసుకున్నది మేడమ్ అయింది, తలుపు ఇవతల ఉయ్యాల ఊపింది బుల్లిగానే ఉండిపోయింది. గోడ మీది చెవిని చూస్తూ మేడమ్ ఇదంతా తలుచుకుంది, బాధతో కాదు, ఎవరి ఇంటి సంగతో ఎవరో చెబుతుంటే విన్నట్టు. ఆమెకి బాధ ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది. అందరూ ఏడ్చి మొహాలు కడుక్కున్నాక, కూరగాయలు తరుగుతున్నప్పుడో బస్సు కోసం నిలబడ్డప్పుడో వస్తుంది.

వేలు పెట్టను అనుకుంది. ఆ ఆలోచన వెనకే ఇంకొకటి వచ్చింది, శుభ్రంగా, తల దువ్వుకుని. అందరికీ చెప్పొచ్చు కదా. ఏ గదిలోనైనా కాపలా ఉన్నవాళ్ళు మధ్యలో ఒకసారి అనేదే, ప్రశ్నలు సరిగా చదువుకోండి అని. బొద్దు కుర్రాడు కూడా తప్పే రాస్తున్నాడు, అతనికీ మంచిదేగా. గదిలో ఎంతమంది అదే తప్పు చేస్తున్నారో. అలా అనుకుంటూనే, ఆడపడుచు ఈ గదిలో లేకపోతే ఈ మాట అనాలని తోచేదా అని తనని తాను అడిగింది. తోచేది కాదు. తోచనందుకు మిగతావాళ్ళు నష్టపోయేవాళ్ళు, అంటే తోచడమే మంచిది కదా. ఇలా అటూ ఇటూ తిప్పితే ఎటు తిప్పినా తనకి కావలసిన వైపే మొగ్గుతోందని ఆమెకి తెలుస్తూనే ఉంది. తెలిసినా గొంతు సవరించుకుంది.

"అందరూ ఒక్కసారి ఇటు వినండి. ప్రశ్నలు జాగ్రత్తగా చదువుకుని రాయండి. ప్రశ్న కింద సూచనలు ఉంటాయి, అవి కూడా చూసుకోండి. తొందరపడి వదిలెయ్యొద్దు."

తన గొంతు ఆ గదిలో మరీ పెద్దగా వినిపించింది. తలలు లేచాయి, కాగితాలు తిరిగాయి. ముందు బల్ల పిల్ల తన జవాబు వంక ఒకసారి చూసుకుని మళ్ళీ రాతలో పడింది, ఆమెకి ముందే తెలుసన్నమాట. బొద్దు కుర్రాడు ప్రశ్న చదివి, అరచేత్తో నుదురు కొట్టుకుని, అడ్డగీతలు గీయడం మొదలుపెట్టాడు. వెనక ఎవరో నిట్టూర్చారు. బుల్లి తల ఎత్తలేదు. కానీ కలం ఆగింది. ప్రశ్నపత్రం దగ్గరికి లాక్కుంది, కళ్ళజోడు సర్దుకుంది, చదివింది. చదివిందని ఖాయంగా తెలిసింది, ఆమె పెదవులు చదివేటప్పుడు కదులుతాయి, చిన్నప్పటి అలవాటు, దాన్ని ఆ దిద్దే మొగుడు కూడా మాన్పించలేకపోయాడు. తరవాత చాలాసేపు కాగితం మీదే కళ్ళు పెట్టి కూర్చుంది. మేడమ్ గోడకి ఆనుకుని ఎదురుచూసింది, ఇప్పుడు గీత గీస్తుంది, ఇప్పుడు. బుల్లి పేజీ తిప్పింది. తరవాతి ప్రశ్న నంబరు వేసింది.

దానికి ఆ పద్ధతి తెలియదు. మేడమ్‌కి ఆ మాట లోపల అడుక్కి దిగినట్టయింది. సూచన చదివింది, సెంటెన్స్ పద్ధతి అంటే ఏమిటో తెలియక, తెలియనిది మార్చి ఏం లాభం అని వదిలేసింది. నేను చెప్పలేదు. క్లాసుకి వచ్చినవాళ్ళకి చివరి రోజు హడావిడిగానైనా చెప్పాను, దానికి అదీ లేదు. అడిగిన రోజున కూర తిప్పుతూ తరవాత అన్నాను. ఈ గంటలో దాన్ని ఆదుకోవడానికి నేను పడిన తంటా అంతా నేను తీసిన గోతిలోంచి దాన్ని లాగడానికే. ఈ మాటలన్నీ ఆమెకి పూర్తి వాక్యాలుగా, విరామ చిహ్నాలతో సహా తోచాయి. ఎంత కలవరంలో ఉన్నా ఆమె ఆలోచనలకి కామాలు పడతాయి, అది వృత్తి. గది వెనక్కి నడిచింది, ముందుకి వచ్చింది, ఒకరికి అదనపు కాగితం ఇచ్చింది, దారం ముక్క అడిగిన వాళ్ళకి దారం ఇచ్చింది. కిటికీలోంచి పడిన ఎండ బుల్లి బల్ల మీదినించి నెమ్మదిగా పక్కకి జరిగి నేల మీద పడింది. ఎప్పటిదో ఒక సంగతి మనసులోకి వచ్చి పోయింది. బుల్లి సాలెగూడు దగ్గర కూతుర్ని కూర్చోబెట్టుకుని, ఇది రోజూ పాత గూడు తినేసి కొత్తది అల్లుకుంటుందే అని చెబుతుంటే, గుమ్మంలో తను ఆగి విన్నది. అప్పుడు బుల్లి గొంతులో ఎవరి వంకా చూసి తడబడటం లేదు. ఆ గొంతు క్లాసు చెప్పగలదు అనుకుంది ఆ రోజు. ఇవాళ దాని పేరు కొట్టేస్తే ఆ గొంతు ఎక్కడికి పోతుంది అనుకోబోయి, అనుకోకుండా ఆపేసింది.

గంట కొట్టారు. రాయడం ఆపండి అంది, ఎప్పుడూ అనే స్వరంతో. వరసగా పేపర్లు తీసుకుంటూ వచ్చింది. బొద్దు కుర్రాడు ఇస్తూ ఇస్తూ ఒక ఫుల్‌స్టాపు పెట్టాడు. బుల్లి ముందే మూసి పెట్టింది, లేచి నిలబడి, రెండు చేతులతో అందించింది, ముందు వరసల వాళ్ళు అందించినట్టే. బల్ల దగ్గర నంబర్ల ప్రకారం సర్దుతుంటే ఆ పేపరు తనంత తానే ఆ పేజీ దగ్గర తెరుచుకుంది, లేదా ఆమే తెరిచింది. పెద్దక్షరాలు అలాగే ఉన్నాయి, ఒక్క కొట్టివేత లేకుండా. దాన్ని దాని నంబరు దగ్గర పెట్టి, కట్టకి దారం చుట్టి, ముడి బిగించి, కిందికి తీసుకెళ్ళి అప్పజెప్పింది. సూపరింటెండెంటు లక్క ముద్ర వేస్తూ, "ఏం గొడవా లేదుగా మేడమ్?" అన్నాడు. లేదంది.

బుల్లి మెట్ల కింద నిలబడి ఉంది, సంచీ భుజాన వేసుకుని. ఇద్దరూ గేటు వైపు నడిచారు. మేడమే మొదలుపెట్టింది, ముందుగా సిద్ధం చేసుకున్న వాక్యం కాదు అది, ఎలా వచ్చిందో అలా అంది.

"నన్ను క్షమించవే. ఆ పద్ధతి నీకు చెప్పనే లేదు. అడిగావు కూడా. నాదే తప్పు."

"ఏ పద్ధతి వదినా?"

"సెంటెన్స్ పద్ధతి."

"అదా? అది నాకు తెలుసుగా. నువ్వు తరవాత అన్నావు, నీకెక్కడ తీరుతుందిలే అని లైబ్రరీలో కూర్చుని చదువుకున్నా. తేలికే. నువ్వన్నట్టే."

మేడమ్ ఆగిపోయింది. వెనకనుంచి వస్తున్న పిల్లలు వాళ్ళిద్దరినీ తప్పించుకుని పక్కనించి వెళ్ళారు.

"మరి?"

"ప్రశ్న సరిగా చూడలేదు. తొందర. నువ్వు అందరికీ చెప్పావు చూడు, అప్పుడు చూశాను. అయ్యో అనుకున్నా. గీత గియ్యబోయా కూడా." బుల్లి సంచీ పట్టీ సర్దుకుంది. "ఇన్ని పరీక్షల్లో నువ్వు మధ్యలో అలా చెబుతావని నేనెప్పుడూ వినలేదు వదినా. నా కాగితం చూసి వెళ్ళాకే చెప్పావు."

"అందరికీ చెప్పాను. అందరూ దిద్దుకున్నారు."

"వాళ్ళు దిద్దుకోవచ్చు, వాళ్ళకి నువ్వు ఎవరివి? నేను రిజిస్టరు చేయించుకున్న రోజునించి మా ల్యాబ్‌లో అంటూనే ఉన్నారు, ఇంట్లో మేడమ్ ఉందిగా, గట్టెక్కిస్తుందిలే అని. నవ్వుతూనే అంటారు. రేపు ప్యాసైతే నిజంగానే అంటారు. అప్పుడు కాదు అని నేను అనగలగాలి గదా. నోరు తెరిచి, మొహం చూసి."

"తెలిసి తెలిసి తప్పు వదిలేశావా అందుకని? మార్కులు పోతే? పేరు కొట్టేస్తే?"

"కొట్టేస్తే కొట్టేస్తారు. ఆ తప్పు నేను చేసిందే వదినా. నాది నేను ఉంచుకున్నా." అని, మేడమ్ మొహం చూసి మెత్తబడింది. "నీమీద కోపం కాదు. నువ్వు నా మంచికే చెప్పావు. కానీ నాకు దిద్దించుకుని దిద్దించుకుని విసుగొచ్చింది."

మేడమ్‌కి ముందు కోపం వచ్చింది, మంచి కోపం, పిల్లల మీద వచ్చేలాంటిది. తరవాత అది ఎక్కడా ఆనకుండా జారిపోయింది. ఈ గంటంతా గదిలో తను మోసుకుని తిరిగిన బరువు, బుల్లికి తెలిసిందంతా తను చెప్పిందే, తెలియనిదంతా తను చెప్పనిదే అన్న బరువు, ఎవరూ ఆమె నెత్తిన పెట్టింది కాదు. ఆమే ఎత్తుకుంది. లైబ్రరీలో బుల్లి కూర్చున్న బల్ల ఏదై ఉంటుందా అని ఆలోచించింది. రోజూ వెళ్ళే లైబ్రరీయే, ఎన్నడూ చూడలేదు. చిరునవ్వుతో దిద్దే మనిషినించి పారిపోయి వచ్చిన పిల్లకి, గదంతటికీ వినిపించేలా, చాలా మర్యాదగా, తనూ ఒక దిద్దుబాటు చేసింది. ఆ పోలిక ఆమెకి నచ్చలేదు. నచ్చలేదు కాబట్టి ఈసారి దాన్ని మూటకట్టి పక్కన పెట్టకుండా, ఎండలో నిలబడి కాసేపు చూసింది.

వానలు మొదలయ్యాక ఫలితాలు వచ్చాయి. బుల్లి గట్టెక్కింది, గట్టు అంచు పట్టుకుని ఎక్కినట్టు, ఒకే ఒక్క మార్కు తేడాతో. ల్యాబ్‌లో అనాల్సిన వాళ్ళు అననే అన్నారు, బుల్లి కాదు అని వాళ్ళ మొహం మీదే చెప్పి, తన సీసాలు కడుక్కుని ఇంటికొచ్చింది. కానీ ఆ మధ్యాహ్నం గేటు దగ్గర ఆ సంగతి ఇద్దరికీ తెలియదు. బస్సు స్టాపులో బెంచీ ఖాళీగా ఉంటే కూర్చున్నారు.

"ఇప్పుడు అడగొచ్చా వదినా? పేపరు కట్టకట్టి ఇచ్చేశావుగా."

"అడుగు."

"ఒక శీర్షికలో కోలన్ వచ్చింది. దాని వెనక చిన్న మాట, ఆన్. దానికి పెద్దక్షరం పెట్టాను. మరి అది చిన్న మాట కదా, నాకు కాస్త అనుమానం."

జవాబు మేడమ్ నాలిక చివరికి వచ్చేసింది, సూత్రంతో, ఉదాహరణతో, మినహాయింపుతో సహా. ఆమె నోరు తెరిచి, మూసుకుంది.

"నువ్వేమనుకుంటున్నావు?"

బుల్లి ఆలోచించింది. పెదవులు కదిలాయి. ఎవరి మొహమూ చూడలేదు.

"కోలన్ వెనక వచ్చే మొదటి మాటది ఏ పద్ధతిలోనైనా మొదటి స్థానమే. చిన్నదైనా సరే. ఒప్పే అనుకుంటున్నా."

"అయితే ఒప్పే" అంది మేడమ్. దూరంగా బస్సు మలుపు తిరుగుతుంటే ఇద్దరూ లేచి నిలబడ్డారు.